1965 మస్టాంగ్ 289 ఇంజన్‌ని అసలు భాగాలతో బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోర్డ్ మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చింది. మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా అమెరికాలో పాత కారు వెతికేవాళ్లకి ముందుగా తగిలేది ఇదే. అక్కడున్న మన తెలుగువాళ్లలో గరాజ్‌లో ఒకదాన్ని పెట్టుకుని శనివారాలు దాంతో కుస్తీ పట్టేవాళ్లూ ఉన్నారు. కింది జవాబులన్నీ 1965, 66 మోడళ్లలో వచ్చిన 289 క్యూబిక్ అంగుళాల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ గురించి. ఆరు సిలిండర్ల మస్టాంగ్ ఉన్నవాళ్లకి ఇందులో సగమే పనికొస్తుంది.

నా కారులో ఉన్నది ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజనేనా? ఎలా తెలుసుకోవాలి?

మూడు చోట్ల చూడాలి.

మొదటిది కారు నంబరు, అంటే నంబరు ప్లేటు మీదిది కాదు, ఫ్యాక్టరీ గుద్దిన చాసీ నంబరు. బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు ఫెండర్ అంచులో చిన్న గాడి కనిపిస్తుంది. ఆ గాడిలోంచి చూస్తే లోపలి రేకు మీద గుద్దిన అంకెలు ఉంటాయి. ఉదాహరణకి 5ఎఫ్07సి అని మొదలైందనుకోండి. 5 అంటే 1965. ఎఫ్ అంటే డియర్‌బార్న్ ఫ్యాక్టరీ. ఆర్ అయితే శాన్ హోసే, టి అయితే న్యూజెర్సీలోని మెటచెన్. 07 హార్డ్‌టాప్ (కదలని రేకు పైకప్పు), 08 కన్వర్టిబుల్ (మడిచే పైకప్పు), 09 ఫాస్ట్‌బ్యాక్ (వెనక్కి వాలిన పైకప్పు). ఆ తర్వాతి అక్షరం ఇంజన్‌ది. సి ఉంటే రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌తో 200 హార్స్‌పవర్, ఏ ఉంటే నాలుగు బ్యారెళ్లతో 225, కె ఉంటే 271 హార్స్‌పవర్ ఇచ్చే హై పెర్ఫార్మెన్స్ 289. టి ఉంటే మీ కారు ఆరు సిలిండర్లతో పుట్టింది. ఇప్పుడు అందులో వి8 ఉందంటే మధ్యలో ఎవరో మార్చారన్నమాట.

రెండోది డ్రైవర్ తలుపు వెనక అంచున రివెట్లతో కొట్టిన ప్లేటు. రంగు, గేర్‌బాక్సు, యాక్సిల్ కోడ్‌లతో పాటు కారు తయారీ తేదీ దాని మీద ఉంటుంది. 12సి అంటే మార్చి 12. కాకపోతే ఈ ప్లేట్లు కొత్తగా గుద్దించి అమ్మేవాళ్లు ఉన్నారు. తలుపులు కూడా మారుతుంటాయి. కాబట్టి ప్లేటు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

మూడోది బ్లాక్, అంటే సిలిండర్లుండే ఇంజన్ ప్రధాన పోత. స్టార్టర్ మోటార్ విప్పి, వైర్ బ్రష్‌తో జిడ్డు గీకి, టార్చి లైటు వేసి చూడాలి. ప్యాసింజర్ వైపు, కింద వెనక భాగంలో పోతతో వచ్చిన అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. చాలా కార్లలో కనిపించేది సి5ఏఈ-6015-ఈ. ఇందులో సి అంటే 1960ల దశకం, 5 అంటే ఆ దశకంలో ఐదో ఏడు, ఏ అంటే ఆ భాగాన్ని మొదట పెద్ద ఫోర్డ్ కార్ల కోసం రూపొందించారని, తర్వాత వచ్చే "ఈ" అక్షరం అంటే ఇంజన్ విభాగం, 6015 అంటే బ్లాక్. మస్టాంగ్ అక్షరం జెడ్ కదా, ఇక్కడ ఏ ఉందేమిటని కంగారుపడక్కర్లేదు. 289 ఫోర్డ్ పెద్ద కార్లయిన గెలాక్సీల్లోనూ వచ్చింది. ఇంకో మాట, ఈ నంబరు చెప్పేది డిజైన్ ఏడాదిని. పోత పోసిన ఏడాదిని కాదు. అందుకే 1966 కారులో సి5 బ్లాక్ ఉండటం మామూలే.

పోత పోసిన రోజు వేరే ఉంటుంది. 5సి12 అంటే 1965 మార్చి 12. నెలలకి ఏ నుంచి ఎం వరకు అక్షరాలు వాడారు. ఒకటి అంకెలా కనిపిస్తుందని ఐ అక్షరాన్ని వదిలేశారు. కాబట్టి హెచ్ ఆగస్టు అయితే జె సెప్టెంబర్. ఈ తేదీ కారు తయారీ తేదీకి ముందుండాలి. కొన్ని వారాల నుంచి ఒకటి రెండు నెలల తేడా ఉంటే లెక్క కుదిరినట్టే. కారు మార్చిలో తయారై, బ్లాక్ జూన్‌లో పోత పోసింది అయితే ఆ ఇంజన్ ఆ కారుది కాదు. ఇక వాదన అనవసరం.

అమ్మే ఆయన "నంబర్స్ మ్యాచింగ్" (కారు నంబరూ ఇంజన్ నంబరూ ఒకటే) అంటున్నాడు. నమ్మొచ్చా?

1965-67 మస్టాంగ్ విషయంలో ఆ మాట వినగానే కొంచెం ఆగండి. ఆ రోజుల్లో ఫోర్డ్ కారు నంబరుని ఇంజన్ మీద గుద్దింది కె-కోడ్ వాటికే. సి, ఏ కోడ్ ఇంజన్ల మీద కారు నంబరే లేదు. అన్ని ఇంజన్ల మీదా గుద్దడం 1968 మోడళ్ల నుంచే మొదలైంది. లేని నంబరు ఇంకో నంబరుతో ఎలా కలుస్తుంది? మామూలు 289కి మనం నిజాయితీగా చెప్పగలిగింది "తేదీలు సరిపోతున్నాయి" అని మాత్రమే. ఆ మాటకి కూడా మార్కెట్లో విలువ ఉంది.

ఫ్యాక్టరీ రికార్డు తెప్పించుకుందామంటే అదీ కుదరదు. ఫోర్డ్ పాత రికార్డుల ఆధారంగా మార్టి ఆటో వర్క్స్ అనే సంస్థ ఇచ్చే రిపోర్టులు 1967 మోడల్ నుంచే దొరుకుతాయి. 1965, 66 కార్లకి రికార్డు, సాక్ష్యం రెండూ కారే.

కె-కోడ్ అని చెప్పి ఎక్కువ ధర అడుగుతుంటే, కొనే ముందు ఆ ఇంజన్ గురించి తెలిసిన మనిషిని డబ్బిచ్చైనా తీసుకెళ్లండి. కె ఇంజన్‌లో సాలిడ్ లిఫ్టర్లు (వాల్వుల్ని ఎత్తే గట్టి లోహపు ముక్కలు), వెడల్పాటి మెయిన్ బేరింగ్ క్యాపులు, వేరే డిస్ట్రిబ్యూటర్ ఉంటాయి. వాల్వు కవర్లకి క్రోమ్ పూసినంత మాత్రాన సి-కోడ్ కె-కోడ్ అయిపోదు. బ్లాక్ మీద కొత్తగా నంబరు గుద్దించడం మోసం. బేరం ఎంత బాగున్నా అలాంటి కారు జోలికి వెళ్లొద్దు.

1964½ అంటారు, అదేమిటి?

1964 ఆగస్టుకి ముందు తయారైన తొలి కార్లని జనం పిలుచుకునే పేరు. ఫోర్డ్ లెక్కలో అవన్నీ 1965 మోడళ్లే. బాగుచేసేవాళ్లకి ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆ తొలి కార్లలో ఆల్టర్నేటర్ బదులు జనరేటర్ ఉండేది. వి8 బ్లాక్‌కి గేర్‌బాక్సు బెల్ హౌసింగ్ (రెండింటినీ కలిపే గంట లాంటి తొడుగు) 5 బోల్టులతో పట్టేది. ఆ తర్వాతి బ్లాక్‌లకి 6 బోల్టులు. ఒకదాని బెల్ హౌసింగ్ ఇంకోదానికి పట్టదు. సెకండ్ హ్యాండ్ బ్లాక్ కొనేముందు వెనకవైపు బోల్టు రంధ్రాలు లెక్కపెట్టుకోండి.

"ఒరిజినల్", "ఎన్‌ఓఎస్", "రిప్రొడక్షన్" మధ్య తేడా ఏమిటి?

ఒరిజినల్ అంటే కారుతో వచ్చింది, లేదా అదే కాలంలో ఫోర్డ్ వేసిన అదే భాగం. ఎన్‌ఓఎస్ అంటే ఆ రోజుల్లోనే తయారై, డబ్బా విప్పకుండా ఏ డీలర్ అటక మీదో ఉండిపోయిన కొత్త సరుకు. రిప్రొడక్షన్ అంటే ఈ కాలంలో పాతదాని నమూనాలో చేసింది.

ఎన్‌ఓఎస్ అన్న పేరు చూసి మురిసిపోయి డబ్బు కుమ్మరించొద్దు. లోహపు భాగాలైతే సరే. రబ్బరు, కార్కు, తోలు ఉన్నవి మాత్రం డబ్బాలో ఉన్నా ముసలివైపోతాయి. 1965 నాటి ఫ్యూయల్ పంపు ఎన్‌ఓఎస్ అని కొని, లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) మార్చకుండా బిగిస్తే పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగిపోతుంది. నా అభిప్రాయంలో, మీ కారు మీదున్న పాత పంపుని విప్పి కొత్త డయాఫ్రమ్ వేయించుకోవడం దానికంటే మేలు.

ఏవి అసలువి ఉంచాలి, ఏవి మార్చక తప్పదు?

బ్లాక్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), కనెక్టింగ్ రాడ్లు, హెడ్లు (బ్లాక్ మీద వాల్వులుండే మూతలు), ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ బాడీ, బ్రాకెట్లు, పుల్లీలు, చివరికి బోల్టులు కూడా ఉంచే ప్రయత్నం చేయాలి. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు, సీళ్లు, ఆయిల్ పంపు, టైమింగ్ సెట్టు (క్రాంక్‌తో కామ్‌షాఫ్ట్‌ని తిప్పే గేర్లు, గొలుసు), లిఫ్టర్లు, గొట్టాలు మార్చాల్సిందే. లోపల తిరుగుతూ అరిగేవాటిని కొత్తవి వేశారని పాత కార్ల పోటీల్లో ఏ జడ్జీ మార్కులు తగ్గించడు. అసలు ఆయనకవి కనిపించవు.

టైమింగ్ సెట్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ కాలపు ఇంజన్లలో చప్పుడు తగ్గడానికి కామ్‌షాఫ్ట్ గేరు పళ్లకి నైలాన్ తొడిగేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నైలాన్ పెళుసెక్కి, ముక్కలై చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) పడుతుంది. అక్కడి నుంచి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. చాంబర్ విప్పినప్పుడు అడుగున గోధుమ రంగు ప్లాస్టిక్ పెంకుల్లాంటివి దొరికితే అవి ఈ గేరు పళ్లే. మళ్లీ నైలాన్ గేరు వేయకండి. పూర్తి లోహపు గేరు వేయండి. ఆ విషయం టైమింగ్ కవర్‌కీ మీకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇంజన్ పట్టేసింది, తిరగట్లేదు. పనికిరానట్టేనా?

కాదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కారులో రింగులు సిలిండర్ గోడకి తుప్పుతో అతుక్కుపోవడం మామూలే. ప్లగ్గులు విప్పి, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, ఎసిటోన్ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో కాస్త కాస్త పోయండి. మంటకి దూరంగా, గాలి ఆడే చోట. కొన్ని రోజులు నానబెట్టి, రోజూ మరికాస్త పోస్తూ, ముందున్న క్రాంక్ బోల్టుకి పొడుగు బార్ పెట్టి అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలేలా నెమ్మదిగా ప్రయత్నించండి. కదిలిందంటే సగం గెలిచినట్టే. స్టార్టర్ మోటార్‌తో మాత్రం బలవంతం చేయొద్దు, రాడ్ వంగుతుంది. హెడ్లు విప్పాక పిస్టన్ల మీద సుత్తి దెబ్బలు వేయాల్సి వస్తే చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టండి.

ఇలా కదిలించిన ఇంజన్‌ని అలాగే స్టార్ట్ చేసి తిప్పేద్దామనే ఆశ చాలామందికి ఉంటుంది. వద్దు. తుప్పు తిన్న గోడ మీద రింగులు నిలవవు. కదిలించేది విప్పడం కోసమే.

విప్పే ముందు, విప్పేటప్పుడు ఏం జాగ్రత్తలు?

ఇంజన్ తిరుగుతుంటే ముందు కంప్రెషన్ చూడండి. అన్నిటికంటే తక్కువ ఉన్న సిలిండర్, అన్నిటికంటే ఎక్కువ ఉన్నదానిలో కనీసం 75 శాతం ఉండాలి. విప్పిన ప్రతి చోటా ఫొటోలు తీయండి. ముఖ్యంగా గొట్టాలు, వైర్లు, త్రాటిల్ రాడ్లు, స్ప్రింగులు తగిలించిన తీరు. ఆరు నెలల తర్వాత ఇది గుర్తుంటుందిలే అనుకున్నది ఒక్కటీ గుర్తుండదు.

ఫోర్డ్‌లో సిలిండర్ల లెక్క ప్యాసింజర్ వైపు ముందు నుంచి 1, 2, 3, 4. డ్రైవర్ వైపు ముందు నుంచి 5, 6, 7, 8. షెవీలకి (షెవ్రొలే కార్లకి) అలవాటుపడినవాళ్లు ఇక్కడ తడబడతారు. మెయిన్ క్యాపులు, రాడ్ క్యాపులు ఏ స్థానంలోవి ఆ స్థానంలోకే, ఏ దిక్కున ఉన్నవి ఆ దిక్కుకే వెళ్లాలి. క్యాపుల్ని బ్లాక్‌తో కలిపి ఫ్యాక్టరీలో బోరు చేశారు, కాబట్టి ఒకదాని చోట ఇంకోటి పెడితే క్రాంక్ బిగుసుకుపోతుంది. పాత కామ్‌షాఫ్ట్‌ని తిరిగి వాడే ఆలోచన ఉంటే లిఫ్టర్లనీ వరస తప్పకుండా గుడ్ల ట్రేలో పెట్టుకోండి. కొత్త కామ్ వేస్తుంటే లిఫ్టర్లూ కొత్తవే వేయాలి.

డిస్ట్రిబ్యూటర్ పైకి లాగేటప్పుడు తొందరపడొద్దు. దాని కింద ఆయిల్ పంపుని తిప్పే పావు అంగుళం సన్నటి ఆరు పలకల కడ్డీ ఉంటుంది. దాని పై భాగంలో ఉండాల్సిన చిన్న రింగు లేకపోతే, ఆ కడ్డీ డిస్ట్రిబ్యూటర్‌తో పాటు అతుక్కుని పైకొచ్చి, సగంలో జారి చాంబర్‌లో పడుతుంది. ఇంజన్ కారులో ఉండగా ఇలా జరిగితే ఆ రోజుకి ఇంకో పని ఉండదు.

మెషిన్ షాపులో ఏమేం చేయించాలి?

బ్లాక్‌ని వేడి ట్యాంకులో కడిగించి, ముందు పగుళ్ల పరీక్ష చేయించండి. అది తేలకుండా ఒక్క డాలరు కూడా మిగతా పనులకి పెట్టొద్దు. ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీయించి లోపల బ్రష్ ఆడించాలి.

తర్వాత బోరింగ్. 289 అసలు బోరు (సిలిండర్ వెడల్పు) 4.00 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 2.87. ఈ బ్లాక్ గోడలు పల్చనివి. 30 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ముప్పై, పెంచితే నిశ్చింత. 40 థౌ చివరి గీత. ఇప్పటికే 40 పెంచి ఉన్న బ్లాక్ దొరికితే స్లీవులు (సిలిండర్లలో దిగేసే కొత్త గోడలు) వేయించడమే దారి. మీ కారు తేదీకి సరిపోయే బ్లాక్ అదే అయితే స్లీవుల ఖర్చుకి వెనకాడొద్దు. ఏదో ఒక 289 బ్లాక్ అయితే వదిలేసి ఇంకోటి చూసుకోండి. పిస్టన్లు చేతికొచ్చాక, వాటిని కొలిచి బోరు చేయమనండి. మంచి షాపు వాళ్లు మీరు చెప్పకముందే అడుగుతారు.

షెవీ బాగుచేసేవాళ్లకి ఇక్కడొక హెచ్చరిక. స్మాల్ బ్లాక్ షెవీలో ఇంజన్ కోడ్ గుద్దిన చదును భాగం ప్యాసింజర్ వైపు హెడ్‌కి ముందు, బ్లాక్ పై ముఖంతో సమంగా ఉంటుంది. పై ముఖం చదును చేయమని చెప్పి వచ్చేస్తే మెషిన్ ఆ నంబరుని కూడా చెక్కేస్తుంది. అసలు ఇంజన్ అని రుజువు చేసే గుర్తు కాస్తా లోహపు పొడిలో కలిసిపోతుంది. పని ఒప్పుకునే చీటీలోనే "ప్యాడ్ ముట్టుకోవద్దు" అని రాయించండి.

లెడ్ లేని పెట్రోలుకి వాల్వు సీట్లు మార్చాలా?

ఈ ఇంజన్ పుట్టినప్పుడు పెట్రోలులో సీసం ఉండేది. వాల్వుకీ సీటుకీ మధ్య అది పల్చటి పొరలా నిలిచి అరుగుదల తగ్గించేది. అమెరికాలో రోడ్డు వాహనాలకి సీసం ఉన్న పెట్రోలు 1996 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధం. 289 హెడ్‌లో సీట్లు విడి భాగాలు కావు, పోత ఇనుములోనే చెక్కినవి. సీసం లేకపోతే ఎగ్జాస్ట్ సీటు మెల్లగా లోపలికి దిగుతుంది. మెల్లగా అన్న మాట గమనించండి. నెలకి రెండు సార్లు ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్లొచ్చే కారుకి అది చాలా ఏళ్ల వ్యవహారం. హైవే మీద గంటల తరబడి వేగంగా నడిపేవాళ్లకే అసలు సమస్య.

కాబట్టి హెడ్లు ఎలాగూ మెషిన్ షాపుకి వెళ్లి, సీట్లు అరిగి ఉంటే గట్టి సీట్లు వేయించండి. బాగున్న హెడ్‌ని దీనికోసమే కోయించొద్దు. కోత కాస్త లోతైతే నీటి దారి తెగి, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

ఆక్టేన్ సంగతి: సి-కోడ్ కంప్రెషన్ నిష్పత్తి 9.3, దానికి రెగ్యులర్ చాలని ఫోర్డ్ చెప్పింది. ఏ, కె కోడ్‌లకి కంప్రెషన్ 10 లేదా ఆ పైన. వాటికి ప్రీమియమే పోయాలి.

ఇథనాల్ కలిపిన పెట్రోలు?

పాత రబ్బరుని తినేస్తుంది, ట్యాంకులో తేమని లాగి తుప్పు పట్టిస్తుంది. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయండి. కార్బురేటర్ కిట్టూ అలాంటిదే కొనండి. చలికాలం బండి పక్కన పెట్టేముందు వీలైతే ఇథనాల్ లేని పెట్రోలు నింపండి.

ఫోర్డ్ తర్వాత తెచ్చిన 302, 5.0 ఇంజన్ల భాగాలు 289కి పడతాయంటారు. నిజమేనా?

పట్టడం వేరు, సరిపోవడం వేరు. రిపేరు చేసిన ఇంజన్లు మళ్లీ విప్పాల్సి వచ్చేది ఎక్కువగా ఈ తేడా తెలియకే.

289, 302 రెండింటికీ బోరు ఒకటే, కాబట్టి చాలా భాగాలు చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ముందుగా బ్యాలెన్సు. 289, పాత 302 ఇంజన్లకి ముందున్న డ్యాంపర్ (కుదుపులు తగ్గించే చక్రం), వెనకున్న ఫ్లైవీల్ 28 ఔన్స్-అంగుళాల బరువు తేడాతో చేశారు. 1980ల 5.0 ఇంజన్లకి అది 50. దాని ఫ్లైవీల్ తెచ్చి దీనికి బిగిస్తే బోల్టులు చక్కగా పడతాయి, కానీ స్టార్ట్ చేశాక స్టీరింగ్ చేతిలో నిలవదు. అలాగే నడిపితే బేరింగులు పోతాయి.

తర్వాత రాకర్లు, అంటే పుష్‌రాడ్ (లిఫ్టర్ నుంచి పైకొచ్చే కడ్డీ) తోస్తే వాల్వుని నొక్కే మీటలు. 1966 మధ్యకి ముందు హెడ్లలో పుష్‌రాడ్ వెళ్లే రంధ్రమే సన్నగా ఉండి రాడ్‌ని నిటారుగా పట్టుకునేది. ఆ తర్వాత రంధ్రాలు పెద్దవి చేసి, రాకర్ చివర వాల్వు కొసని పట్టుకునే రెండు అంచులు పెట్టారు. పాత రాకర్ కొత్త హెడ్ మీద వేస్తే దాన్ని పక్కకి జారకుండా ఆపేదేమీ ఉండదు. తేదీ చూడకుండా హెడ్లు కొంటే ఇక్కడే దొరికిపోతారు.

మూడోది ఫైరింగ్ ఆర్డర్. 289కి 1-5-4-2-6-3-7-8. తర్వాతి 5.0 హెచ్ఓ (ఎక్కువ పవర్ రకం) కామ్ వేసుకుంటే 1-3-7-2-6-5-4-8. ఇంజన్ లోపల దాగే కామ్‌కి ఎవరూ మార్కులు తగ్గించరు కానీ, ప్లగ్గు వైర్లు మాత్రం దాని లెక్క ప్రకారమే పెట్టుకోవాలి.

ఇంకొకటి: డ్యాంపర్ బయటి రింగుకీ లోపలి చక్రానికీ మధ్య రబ్బరు ఉంటుంది. అది ఎండిపోతే బయటి రింగు జారి, దాని మీదున్న టైమింగ్ గీతలు అబద్ధం చెబుతాయి. ఒకటో పిస్టన్‌ని పైకి తెచ్చి, సున్నా గీత నిజంగా సున్నా దగ్గరే ఉందో లేదో చూడండి. జారి ఉంటే పారేయొద్దు. పాత డ్యాంపర్‌కి కొత్త రబ్బరు పోసిచ్చే షాపులు అమెరికాలో ఉన్నాయి.

తిరిగి బిగించేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

హెడ్ గాస్కెట్ దగ్గర. దాని మీద "ఫ్రంట్" అని రాసి ఉంటుంది, రెండు వైపులా ఆ రాత కారు ముందు వైపుకే రావాలి. ఒక పక్క పెట్టాక రెండో పక్కది తిరగేసినట్టు అనిపిస్తుంది, ముందువైపు నీటి రంధ్రాలు మూసుకుపోయాయేమో అని అనుమానమొస్తుంది. అది అలాగే ఉండాలి. ఈ ఇంజన్‌లో నీళ్లు బ్లాక్ వెనక దాకా వెళ్లి, అక్కడ హెడ్‌లోకి ఎక్కి, ముందుకి తిరిగొస్తాయి. "సరిచేద్దాం" అని గాస్కెట్ తిప్పితే నీళ్లు ముందే ఎక్కేసి వెనక సిలిండర్లు కాగిపోతాయి.

వెనక మెయిన్ సీల్ అసలు తాడు రకం. ఇప్పటి రెండు ముక్కల రబ్బరు సీల్ వేస్తుంటే, మెయిన్ క్యాప్ గాడిలో తాడుని పట్టి ఉంచే చిన్న సూది ఉంటే తీసేయాలి. లేకపోతే కొత్త సీల్ మొదటి రోజు నుంచే కారుతుంది.

టైమింగ్ కవర్ వెనక ఆయిల్ దారుల ప్లగ్గులు మళ్లీ పెట్టారో లేదో కవర్ వేసే ముందు ఒకసారి చూడండి. బిగింపు లెక్కలు: మెయిన్ బోల్టులు 60-70 ఫుట్-పౌండ్లు, రాడ్ నట్లు 19-24, హెడ్ బోల్టులు మూడు విడతల్లో 65-72. ఆ కాలపు ఫోర్డ్ షాప్ మాన్యువల్ పునర్ముద్రణ దొరుకుతుంది. ఆన్‌లైన్ వీడియోల కంటే ముందు అది కొనండి.

ఇంజన్‌కి ఏ రంగు వేయాలి?

1965లో 289 బ్లాక్ నలుపు, వాల్వు కవర్లు, ఎయిర్ క్లీనర్ బంగారు రంగు. 1966 నుంచి మొత్తం ఫోర్డ్ నీలం. కె-కోడ్ కవర్లు క్రోమ్. 1965 కారులో నీలం ఇంజన్ అంటే ఎవరో తర్వాత విప్పి రంగేశారని అర్థం. లేదా ఇంజనే తర్వాతిది కావచ్చు.

కార్బురేటర్ మార్చేస్తే పోలా?

పోదు. సి-కోడ్‌కి వచ్చిన ఆటోలైట్ 2100, ఏ-కోడ్‌కి వచ్చిన 4100 రెండూ గట్టి కార్బురేటర్లు. గాస్కెట్లు తక్కువ, కారడం తక్కువ. పై మూత స్క్రూ కింద భాగం నంబరున్న చిన్న లోహపు ట్యాగ్ ఉంటుంది, దాన్ని పారేయకండి. ఆ ట్యాగ్ ఉన్న కార్బురేటర్‌కీ లేనిదానికీ ధరలో చాలా తేడా.

పాయింట్ల (ప్లగ్గుల కరెంటుని తెంచి కలిపే చిన్న స్విచ్చు) బదులు డిస్ట్రిబ్యూటర్ మూత కింద దాగిపోయే ఎలక్ట్రానిక్ కిట్లు దొరుకుతాయి. నడుపుకునే కారుకి వేసుకోండి, తప్పులేదు. పాత పాయింట్లూ కండెన్సరూ డిక్కీలో ఉంచుకుంటే దారిలో ఆగిపోయినప్పుడు పనికొస్తాయి. కాయిల్‌కి వెళ్లే గులాబీ రంగు వైరు మామూలు వైరు కాదు, వోల్టేజీ తగ్గించే రెసిస్టెన్స్ వైరు. కిట్ తయారీదారు ఏం చెప్పాడో చదివి గానీ దాని జోలికి వెళ్లొద్దు.

అన్నీ అసలువే ఉండాలంటే బ్రేకులు కూడానా?

ఇక్కడ నేను ఒప్పుకోను. 1966 వరకు మస్టాంగ్ మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసేదానికి) ఒకే గది. ఒక గొట్టం పగిలిందంటే నాలుగు చక్రాలకీ బ్రేకు లేనట్టే. 1967 నుంచి వచ్చిన రెండు గదుల సిలిండర్ వేసుకుని, పాతది అట్టపెట్టెలో పెట్టి పేరు రాసి ఉంచండి. ఎప్పుడైనా పోటీకి తీసుకెళ్తే గంట పనితో మార్చుకోవచ్చు.

కొత్త కామ్‌తో మొదటిసారి స్టార్ట్ చేయడానికి టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

టెన్షన్ పడాల్సిన చోటే అది. ఈ ఇంజన్‌లో లిఫ్టర్ అడుగు కామ్ మీద నేరుగా రాసుకుంటుంది. ఇప్పటి కార్ల ఆయిళ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం జింక్, ఫాస్ఫరస్ తగ్గించేశారు. ఆ ఆయిల్ పోస్తే కొత్త కామ్ మొదటి గంటలోనే గుండ్రంగా అరిగిపోవచ్చు. జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి.

డిస్ట్రిబ్యూటర్ పెట్టకముందు ఆ ఆరు పలకల కడ్డీకి డ్రిల్లు తగిలించి, గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిప్పుతూ ఆయిల్ పైకెక్కించండి. రాకర్ల దగ్గర ఆయిల్ కారడం కళ్లతో చూడాలి. తర్వాత పెట్రోలు, టైమింగ్ అన్నీ సిద్ధం చేసుకుని, మొదటి తిప్పుకే అంటుకునేలా చూడండి. అంటుకున్న వెంటనే 2000 ఆర్‌పీఎమ్‌కి తెచ్చి, 20 నిమిషాలు కాస్త అటూ ఇటూ మారుస్తూ నడపాలి. ఐడిల్‌లో వదలకూడదు. ఒక మనిషి ఆయిల్ ప్రెషరు, వేడి చూస్తూ ఉండాలి. ఆపాక ఆయిల్, ఫిల్టరు మార్చేసి, పాత ఫిల్టరు కోసి, మడతల్లో మెరిసే లోహపు రజను ఉందేమో చూడండి.

పాత భాగాలు ఎక్కడ దొరుకుతాయి?

పెన్సిల్వేనియాలో అక్టోబర్‌లో జరిగే హెర్షీ సంత, అక్కడే కార్లైల్, కాలిఫోర్నియాలో పొమోనా. వెళ్లేటప్పుడు మీకు కావాల్సిన తేదీలు కాగితం మీద రాసుకెళ్లండి. భాగం చేత్తో పట్టుకుని, తేదీ చదివి, బేరమాడే సౌకర్యం ఆన్‌లైన్‌లో రాదు. మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా స్థానిక శాఖల్లోని పెద్దవాళ్ల గరాజ్‌ల్లో అంతకంటే ఎక్కువ సరుకు ఉంటుంది. స్నేహంగా ఉంటే ఉచితంగా సలహా, అప్పుడప్పుడు ఉచితంగా బోల్టులు కూడా ఇస్తారు.

హైదరాబాద్‌లో మా తాతగారి పాత అమెరికన్ కారు ఉంది. ఇదంతా వర్తిస్తుందా?

పని పద్ధతి వర్తిస్తుంది, నంబర్ల లెక్క వేరు. ఫోర్డ్ 1926 నుంచి, జనరల్ మోటర్స్ 1928 నుంచి మన దేశంలో కార్లు బిగించి అమ్మాయి. ఆ కాలపు కార్లలో చాలావాటికి తర్వాత డీజిల్ ఇంజన్లు వేశారు. మీ తాతగారి కారులో అసలు పెట్రోలు ఇంజన్ ఉంటే, మూల పడి ఉన్నా సరే, తుక్కుకి వేయొద్దు. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేయని వాహనాన్నే వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత "వి ఏ" వస్తుంది. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్లకి మాత్రమే.

అంతా సరిగ్గా చేశాను, అయినా వేడెక్కుతోంది.

కొత్తగా బోరు చేసిన ఇంజన్ మొదట్లో కాస్త వేడిగానే నడుస్తుంది. కొన్ని వందల మైళ్ల తర్వాత కూడా తగ్గకపోతే వరసగా చూడండి: ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడిందా, డ్యాంపర్ గీత జారిందా, రేడియేటర్ కింది గొట్టం వేగంలో నొక్కుకుపోతోందా (లోపల స్ప్రింగు ఉండాలి), థర్మోస్టాట్ తిరగేసి పెట్టారా. బ్లాక్ అడుగున పాత తుప్పు బురద మిగిలిపోయి ఉంటే పక్కనున్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పినా నీళ్లు రావు. వైరు పెట్టి కెలికి, ధారగా వచ్చేదాకా కడగాలి. ఇవన్నీ బాగుండి వెనక సిలిండర్లే కాగుతుంటే గాస్కెట్ తిరగబడిందేమో చూడాలి. సరిగ్గా పెట్టిన గాస్కెట్ మూల రెండు వైపులా హెడ్ ముందు అంచున కొద్దిగా బయటికి కనిపిస్తుంది. ఒక వైపు కనిపించకపోతే హెడ్ విప్పడమే.